చిన్నద్దం ఉన్న ఆ ఫియట్ మళ్ళీ దొరికితే

మా అబ్బాయి కొత్త కారులో మొహానికి గాలి తగలాలంటే తెర మీద మూడు చోట్ల నొక్కాలి. నొక్కడం పూర్తయ్యేలోగా ఊరు దాటిపోతాం. నా పాత ఫియట్‌లో ఆ పనికి చూపుడువేలు చాలేది. ముందు తలుపుకు, పెద్ద అద్దం పక్కన, ముక్కోణంగా ఒక చిన్న అద్దం ఉండేది. గడియ తీసి తోస్తే నిలువుగా ఉన్న ఇరుసు మీద తిరిగేది. మెకానిక్కులు దాన్ని క్వార్టర్ గ్లాసు అనేవారు, మా ఇంట్లో మాత్రం అది చిన్నద్దం. పదకొండేళ్ళు ఆ కారు నడిపాను. ఈ సమీక్ష దాదాపుగా ఆ చిన్నద్దం గురించే. ఇంజను సీసీలు, మైలేజీ లెక్కలు కావలసినవారు ఇక్కడే ఆగిపోవచ్చు.

కాగితాల మీద దాని పేరు ప్రీమియర్ పద్మిని. బొంబాయిలోని కుర్లాలో తయారయ్యేది. గుంటూరులో ఎవరూ దాన్ని పద్మిని అనగా నేను వినలేదు. ఇటలీ వాళ్ళ 1100 మోడల్‌కు అది మన దేశపు రూపం, కాబట్టి అందరికీ అది ఫియటే. నాది 1989 మోడల్. 1996లో, ప్రాక్టీసు మానేసిన ఒక డాక్టరు గారి దగ్గర కొన్నాను. అప్పటికే ఏ వీధిలో చూసినా మారుతి 800లే. ఫియట్ కొంటున్నానంటే ఆఫీసులో నా మీద జాలిపడ్డారు. స్టీరింగ్ పక్కన గేరు, పొద్దున్నే లాగవలసిన చోక్, మే నెలలో ఇంజను దగ్గరి పెట్రోలు పంపు మీద వేసే తడిగుడ్డ, ఇవన్నీ నా వయసు వాళ్ళకు తెలిసినవే. వదిలేస్తున్నాను.

చిన్నద్దం కొద్దిగా తెరిస్తే ఒక పని చేస్తుంది, బాగా తిప్పితే దానికి పూర్తిగా వ్యతిరేకమైన పని చేస్తుంది. ఈ సంగతి నాకు మా నాన్నగారి చుట్ట వల్ల తెలిసింది. ఆయన కారెక్కితే చుట్ట ఆరేది కాదు. వేలెడు సందు తెరిచి పెడితే చాలు, బయటి గాలి అద్దం అంచును రాసుకుంటూ పోతూ లోపలి గాలిని తనతో లాక్కుపోయేది. పొగ సన్నటి దారంలా సాగి ఆ సందులో మాయమయ్యేది. వెనక కూర్చున్న మా ఆవిడకు వాసన కూడా తగిలేది కాదు. అదే అద్దాన్ని సగానికి మించి తిప్పితే వెడల్పు మొహం గాలికి ఎదురు నిలుస్తుంది. అప్పుడది ఎదురుగాలిని దోసిట పట్టి తెచ్చి సరిగ్గా మన గొంతు మీద, చొక్కా పైగుండీ దగ్గర పోస్తుంది. పెద్ద అద్దం దించితే జుట్టు రేగుతుంది, కొంగు ఎగురుతుంది, ఒళ్ళో పెట్టుకున్న పేపరు ఎటు పోతుందో తెలియదు. చిన్నద్దంతో అవేవీ ఉండవు. నలభై, యాభై వేగంలో, సాయంత్రం పూట, నరసరావుపేట రోడ్డు మీద ఆ గాలి తగిలిన మనిషి ఏసీని అంత గొప్పగా చెప్పుకోడు. వానలో ఇంకా బాగుండేది. పెద్ద అద్దాలన్నీ ఎత్తేసి దీన్ని రవ్వంత వదిలితే, ముందు అద్దం లోపలివైపు ఆవిరి పట్టేది కాదు.

అసలు కథ శ్రీశైలంలో జరిగింది. 1998 మే నెల. గుంటూరు నుంచి వినుకొండ, దోర్నాల మీదుగా వెళ్ళాం. నేను, మా ఆవిడ, నాన్నగారు, పిల్లలిద్దరు. దోర్నాల దాటాక నల్లమల ఘాటు మొదలవుతుంది. అక్కడ మా బండి ఎక్కువగా రెండో గేరులోనే నడిచింది, కానీ ఆగలేదు. దర్శనం అయ్యాక పాతాళగంగకు వెళ్ళాం. కారు పైన పెట్టి, వందల మెట్లు దిగి, కృష్ణలో స్నానాలు చేశాం. ఎండాకాలం కదా, నీళ్ళు బాగా వెనక్కి పోయి ఉన్నాయి. కండువా పిండబోతే మూలన ముడి వేసుకున్న తాళంచెవి జారి నీళ్ళలో పడింది. పడిన చప్పుడు కూడా నాకు వినపడలేదు. మా పెద్దవాడు చూసి చెప్పాడు. అరగంట దేవులాడాం. కృష్ణమ్మ ఇవ్వలేదు.

రెండో తాళంచెవి ఉంది. అదెక్కడుందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. కాగితాల సంచిలో పెట్టి, ఆ సంచిని కారు సీటు కింద దాచాను. జాగ్రత్త కోసమని.

తడిబట్టలతో మెట్లన్నీ ఎక్కేసరికి మిట్టమధ్యాహ్నం. నాన్నగారు సగం మెట్ల దగ్గరే కూలబడ్డారు. పైన కారు పెనంలా కాలుతోంది. చుట్టూ జనం చేరారు, తలా ఒక సలహా ఇచ్చారు. ఒకాయన రాయి తీసుకుని పెద్ద అద్దం పగలగొట్టమన్నాడు. ఇంకొకాయన సున్నిపెంట వెళ్ళి మెకానిక్కును తెమ్మన్నాడు. నేను రాయి వైపే మొగ్గుతున్నాను. అప్పుడు మా ఆవిడ, “ఏమండీ, చిన్నద్దం గడియ వేశారా?” అంది.

వేయలేదు. ఎండలో నిలిపినప్పుడు లోపలి వేడి పోవాలని ఎడమవైపు చిన్నద్దాన్ని గోరంత వదిలి వెళ్ళడం నాకు అలవాటు. గోరు దూర్చి లాగితే అది సులువుగా తిరిగింది. కానీ ఆ సందులో నా చెయ్యి మణికట్టు వరకే పోయింది. మా చిన్నవాడి చెయ్యి దూరింది గాని లోపలి పిడికి అందలేదు. పక్కన సోడాలు అమ్ముతున్న కుర్రాడు, పదేళ్ళుంటాయేమో, ఇదంతా కాసేపు చూసి, సోడా పెట్టె దించి, “జరగండి సార్” అన్నాడు. భుజం దాకా చెయ్యి దూర్చి, చెంప అద్దానికి ఆనించి, కళ్ళు మూసుకుని వేళ్ళతో వెతికాడు. టక్కుమని తలుపు తెరుచుకుంది. నిమిషం కూడా పట్టలేదు. గీత పడలేదు, పగుళ్ళు లేవు. వాడి దగ్గరున్న సోడాలన్నీ కొని అక్కడున్న వాళ్ళందరికీ పంచాను. నాన్నగారు రెండు తాగారు. దోర్నాల వైపు దిగుతూ దారి పొడుగునా ఆ అద్దాన్ని పొగుడుతూనే ఉన్నాను. ఆ రాత్రి ఇంటికొచ్చాక మాత్రం మరో ఆలోచన నిద్ర పట్టనివ్వలేదు. ఆ పిల్లాడికి నిమిషం పట్టింది. పని తెలిసినవాడికి ఎంతసేపు పడుతుంది?

నాలుగేళ్ళ తర్వాత దానికి జవాబు దొరికింది. అరండల్‌పేటలో ఒక పెళ్ళికి వెళ్ళి భోజనం చేసి వచ్చేసరికి కారులోని టేప్‌రికార్డరు లేదు. తలుపు మామూలుగా వేసి ఉంది, చిన్నద్దం మాత్రం తెరిచి ఉంది. దొంగ మర్యాదస్తుడు, క్యాసెట్లు వదిలేశాడు. ఆ రోజు గడియ వేశాననే నా నమ్మకం. మా ఆవిడ నమ్మకం వేరు.

ఇంకా కొన్ని చెప్పాలి. అరవై దాటితే చిన్నద్దం ఈల వేసేది. మొదట్లో ముచ్చటగానే ఉండేది, రబ్బరు ఎండిపోయాక అది ఈల కాదు, ఏడుపు. ఒక షెడ్డులో కొత్త రబ్బరు వేయించాను. కొలత తప్పు రబ్బరు వేసినట్టున్నారు, ఈల తగ్గింది గాని వానొస్తే మోకాలి మీద చుక్కలు పడేవి. నాన్నగారి చుట్ట సంగతి కూడా సరిచేయాలి. వాసన తగిలేదట. ఆయన పోయిన చాలా ఏళ్ళకు మా ఆవిడ చెప్పింది, మామగారని ఊరుకుందట. అలాగే మే నెల మిట్టమధ్యాహ్నం ఆ అద్దం దోసిట పట్టి తెచ్చేది వడగాలినే. ఏసీ గురించి పైన అన్న మాట సాయంత్రాలకే వర్తిస్తుంది.

2007లో అమ్మేశాను. కారణం చిన్నద్దం కాదు. పిల్లల చదువులకని హైదరాబాదు వచ్చాం, అపార్ట్‌మెంటులో ఒకే బండికి చోటు. 2023 అక్టోబరు చివర్లో బొంబాయి రోడ్ల మీద ఆఖరి పద్మిని టాక్సీల గడువు ముగిసిందని పేపర్లో చదివాను. అక్కడ టాక్సీ వయసు ఇరవై ఏళ్ళు దాటకూడదు, చివరిది 2003లో రిజిస్టరయింది. నాది టాక్సీ కాదు, ఆ ఊరూ కాదు, అయినా ఆ రోజు కాఫీ చల్లారిపోయింది.

మళ్ళీ కొంటానా? కొంటాననే చెప్తాను, కానీ నా మాట పట్టుకుని ఎవరూ కొనకండి. నాకు అరవై ఆరేళ్ళు. రోజూ ఆఫీసుకు వెళ్ళే పని లేదు. పొద్దున ఆరింటికి ఖాళీ రోడ్డు మీద పది కిలోమీటర్లు వెళ్ళి వస్తే చాలు, అదీ నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే. చిన్నపిల్లలున్న ఇంటికి, ఎయిర్‌బ్యాగులు చూసి కార్లు కొనే వాళ్ళకు ఇది తగదు. విడిభాగాల కోసం ఊళ్ళు తిరిగే ఓపిక ఉండాలి, అది నాకూ అంతంతమాత్రమే.

కిందటేడు సికింద్రాబాదులో ఒకాయన ఫియట్ అమ్ముతున్నాడంటే చూడటానికి వెళ్ళాను. క్రీము రంగు, తళతళలాడుతోంది. ఇంజను బాగానే మోగింది, ధర కూడా నాకు అందేదే. ఎడమవైపు కూర్చుని చిన్నద్దం గడియ మీద వేలు పెట్టాను. కదల్లేదు. లోపల ఏసీ పెట్టించారట, చల్లదనం బయటికి పోకుండా రెండు చిన్నద్దాలకూ చుట్టూ గమ్ము పోసి మూసేశారట. ఆయన ఆ మాట గర్వంగా చెప్పాడు. ఆలోచించి చెప్తానని ఇంటికి వచ్చేశాను. సంగతి విన్న మా ఆవిడ మాత్రం ఏసీ ఉందిగా, దాన్నే తీసుకోమంటోంది.