డివైడింగ్ మెస్ ఉన్న యూనివర్సిటీ హాస్టల్: ఏళ్ల తరబడి ఉన్నాక నా మాట

పీజీలో చేరినప్పటి నుంచి పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేదాకా వరంగల్‌లో యూనివర్సిటీ హాస్టల్లోనే ఉన్నాను. ఏటా పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ కౌన్సెలింగ్ అయ్యాక ఊరి పిల్లలు ఫోన్ చేస్తారు. "అన్నా, హాస్టల్ తీసుకోవాలా, బయట రూమా?" హాస్టలే తీసుకోండి అంటాను. గదులు బాగుంటాయని కాదు, మెస్ కోసం.

మాది డివైడింగ్ మెస్. కాంట్రాక్టర్ ఉండడు. బియ్యం, పప్పు, నూనె, గ్యాస్ అన్నింటికీ నెలలో అయిన ఖర్చును అందరూ తిన్న రోజుల మొత్తంతో భాగిస్తారు. ఖర్చు 3 లక్షలు, తిన్న రోజులు 4,000 అనుకోండి, రోజుకు 75 రూపాయలు. ఎన్ని రోజులు తింటే అంతే కట్టాలి.

లెక్క చూసేది నెలనెలా మారే మెస్ రెప్‌లు, అంటే విద్యార్థి ప్రతినిధులు. తెల్లారకముందే మార్కెట్‌కు పోవాలి, తూకం దగ్గర నిలబడాలి, స్టోర్ తాళం తీసి వంట మాస్టర్‌కు సరుకు కొలిచి ఇవ్వాలి, రాత్రి రిజిస్టర్ రాయాలి. టమాట ధర పెరిగితే చారు పలుచబడుతుంది, తిట్లు రెప్‌కే. నెలాఖరున నోటీసు బోర్డు మీద బిల్లు అంటించగానే జనం మూగుతారు. ఒకడు వేలు పెట్టి ఒక్కో వరుస చదువుతాడు. "నూనె పోయిన నెల కంటే రెండు డబ్బాలు ఎక్కువేంది తమ్మీ?" రెప్ రూముకు ఉరికి రసీదుల కట్ట తెస్తాడు. బగారన్నం ఒక ఆదివారం ఎక్కువ పెట్టామని గుర్తుచేస్తాడు. ఎవరితోనూ కలవని పిల్లలు ఆ ఒక్క నెలలో అందరికీ దగ్గరవడం కళ్లారా చూశాను.

సీటు దొరకక దోస్తు గదిలో కింద పడుకునే నాన్‌బోర్డర్ల మీద ఎప్పుడూ గొడవే. వాళ్ల తిండి భారం అందరి బిల్లు మీద పడుతుందన్నది నిజం. కానీ వాళ్లను వెళ్లగొట్టొద్దు, గెస్ట్ కింద రాసి డబ్బు తీసుకుంటే సరిపోతుంది. వాళ్లలో చాలామందికి బయట అద్దె కట్టే స్తోమత లేదు.

మా వరండాలో తెలుగుతో పాటు లంబాడీ, గోండి వినిపించేవి. రెండేళ్లకోసారి మేడారం జాతరకు పోతే తాడ్వాయి వైపు పిల్లల ఇళ్లలోనే మా మకాం. తెచ్చిన బెల్లం మెస్‌లో పంచేవాళ్లం. గ్రూప్-2 నోటిఫికేషన్ పడితే రీడింగ్ రూములో కుర్చీ దొరకదు. నాకు పాలిటీ అర్థమయ్యేలా చెప్పింది కెమిస్ట్రీ చదివే సీనియర్ అన్న.

ఇబ్బందులూ ఉన్నాయి. ఎండాకాలం పై అంతస్తులో స్లాబ్ వేడికి నిద్ర పట్టదు, నీళ్లకు క్యూ. కిటికీ తెరిచి పోతే కోతులు సబ్బు కూడా వదలవు. అన్నింటికంటే బాధ పెట్టింది పండుగ సెలవులకు మెస్ మూసేయడం. ఇంటికి పోలేని పిల్లలు, థీసిస్ రాసుకునేవాళ్లు ఆ రోజుల్లో ఏం తినాలి? కనీసం ఒక పూట వంట నడపాలని ఎన్నోసార్లు అడిగాం, కాలేదు. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే మెస్ బకాయి పెరిగి, పరీక్షల ముందు నో డ్యూస్ (బకాయి లేదన్న సర్టిఫికెట్) టెన్షన్ మొదలవుతుంది. నాకు అలా ఒకసారి రూమ్మేట్లు తలా కొంత వేసి కట్టారు.

చేరబోయేవాళ్లు పోయిన మూడు నెలల మెస్ బిల్లులు అడిగి చూడండి. గది కింది అంతస్తులో అడగండి. ఊరికి పోయేముందు మెస్ కట్ రిజిస్టర్‌లో రాయండి, లేకపోతే తినని రోజులకూ బిల్లు పడుతుంది. మొదటి ఏడాదిలోనే ఒక నెలకు రెప్‌గా పేరు ఇవ్వండి.