ప్రాణానికి పరిహారమా, రాజు వేసే శిక్షా: ఏది మేలు?

గల్ఫ్‌కు వెళ్లినవాళ్లున్న మన ఇళ్లలో ‘బ్లడ్ మనీ’ మాట కొత్త కాదు. 1400 ఏళ్ల కిందట ఇంగ్లండ్‌లోనూ హత్యకు ఇలాంటి పరిహారమే నడిచింది.

అప్పటి ఇంగ్లండ్‌లోని చిన్న రాజ్యం కెంట్‌కు రాజైన ఎథెల్‌బెర్ట్ క్రీ.శ. 600 ప్రాంతంలో రాయించిన చట్టంలో ఒంట్లో ప్రతి భాగానికీ ఒక లెక్క. కన్ను పోతే 50 షిల్లింగులు (అప్పటి డబ్బు లెక్క), చెవి తెగితే 12, చేతి బొటనవేలికి 20, దాని గోరు ఊడితే 3. మామూలు స్వతంత్రుడి, అంటే బానిస కానివాడి, ప్రాణం 100. అందులో 20 షిల్లింగులు సమాధి ఇంకా పూడ్చకముందే కట్టాలి, మొత్తం 40 రాత్రుల్లో తీరిపోవాలి. తవ్విన గొయ్యి పక్కన, ఏడుస్తున్న తల్లి ఎదుట, చంపినవాడి తరఫువాళ్లు డబ్బు లెక్కపెట్టడం ఊహించుకోండి. చదవడానికి కటువుగా ఉన్నా, నష్టపోయిన ఇల్లే ఆ న్యాయానికి కేంద్రం. పగలతో రెండు వంశాలు తుడిచిపెట్టుకుపోకుండా ఆపే ప్రయత్నం కూడా అదే.

దీంట్లో పెద్ద అన్యాయం ప్రాణాల ఖరీదులోనే ఉంది. ఇంగ్లండ్‌లోని మరో రాజ్యం వెసెక్స్‌లో సామాన్యుడికి 200 షిల్లింగులైతే, పెద్దింటివాడికి 1200. పైగా వెనకాల బలగం లేనివాడికి ఆ డబ్బు వసూలు చేసిపెట్టేదెవరు?

940లలో ఇంగ్లండ్ రాజు ఎడ్మండ్ ఒక మంచి పని చేశాడు. పగ చంపినవాడి ఒక్కడిదే అన్నాడు. బంధువులు వాణ్ణి వదిలేసి, తిండీ నీడా ఇవ్వకపోతే వాళ్ల జోలికి ఎవరూ వెళ్లకూడదు. డబ్బు కట్టుకోవడానికి వాడికి 12 నెలల గడువు.

1166లో ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ క్లారెండన్ అనే చోట చేసిన చట్టం నాటికి దారే మారిపోయింది. హంతకులు, దొంగలు ఎవరో ప్రాంతానికి 12 మంది ప్రమాణం చేసి చెప్పాలి. పట్టుబడినవాడికి నీటి పరీక్ష: నీళ్లలో దింపితే మునిగినవాడు నిర్దోషి, తేలినవాడు దోషి. ఓడితే ఒక పాదం నరికేవారు. బలగం లేని విధవ తరఫున కూడా ఊరే నోరు విప్పుతుంది. ఇది నిజంగా పెద్ద మేలు, కాదనను.

అయినా నన్ను అడిగితే ఎడ్మండ్ పద్ధతే మేలంటాను. తప్పు చేసినవాడే మోస్తాడు, పోయిన ఇంటికి ఎంతో కొంత దక్కుతుంది. క్లారెండన్ తర్వాత నేరస్థుడి సొత్తు రాజు ఖజానాకు చేరేది. భర్తను పోగొట్టుకున్నావిడకు అందులో వాటా లేదు.