తలకోన, హార్స్‌లీ హిల్స్, ఏలగిరి: కొండమీది బసలు, కొండకింది భూములు

తిరుపతిలో ఉండేవాళ్ళకు కొండ అంటే ముందుగా తిరుమలే. వేసవిలో చల్లగాలి కోసం ఎక్కే కొండలు మాత్రం వేరు. ఈ మధ్య కుటుంబంతో కలిసి తలకోన, హార్స్‌లీ హిల్స్ చూసి, అక్కడి నుంచి పలమనేరు మీదుగా తమిళనాడులోని ఏలగిరి దాకా వెళ్ళి వచ్చాము. గదులు, భోజనాలు, దారులు ఎక్కడ ఎలా ఉన్నాయో వెళ్ళదలచినవారికి చెప్పడమే ఈ వ్యాసం పని. అయితే ఈ కొండలకు వచ్చే జనం పెరిగినకొద్దీ, డబ్బున్నవాళ్ళు వచ్చి ఇళ్ళు కట్టుకున్నకొద్దీ, అక్కడ పుట్టి పెరిగినవాళ్ళ బతుకు ఏమవుతున్నదన్న విషయం ప్రతిచోటా కళ్ళకు కట్టింది. దాన్ని పక్కనపెట్టి దుప్పట్ల శుభ్రత గురించి మాత్రమే రాయడం నాకు సబబుగా తోచలేదు.

తలకోన గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రంగంపేట, భాకరాపేట కనుమ దాటి నెరబైలు మీదుగా వెళ్ళాలి. జలపాతం ఎత్తు 270 అడుగులు. వానలు పడిన తర్వాత వెళ్తేనే దాని అందం, ఎండాకాలంలో ధార బాగా సన్నబడుతుంది. అడవి శ్రీవేంకటేశ్వర జాతీయ వనంలో భాగం కాబట్టి అక్కడ ప్రైవేటు వ్యక్తి నేల కొని మేడ కట్టే వీలు లేదు. బసల నిర్వహణలో అటవీశాఖతో పాటు పక్క పల్లెలవాళ్ళతో ఏర్పడిన వన సంరక్షణ సమితికి పాత్ర ఉంది. గదులు సాదాసీదాగా ఉంటాయి, కోతుల బెడద ఉంది, రాత్రి కరెంటు పోతే వచ్చేదాకా ఓపిక పట్టాలి. రుసుము వసూలు చేసే కుర్రవాడూ, వంట చేసే ఆమే, అడవిలో దారి చూపిన మనిషీ ముగ్గురూ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే కావడం మాత్రం, తర్వాత చూసిన చోట్లతో పోల్చుకున్నప్పుడు, చిన్న విషయంగా అనిపించలేదు.

హార్స్‌లీ హిల్స్ కథ అసలు మొదలైందే బయటినుంచి వచ్చిన ఒక సంపన్నుడితో. 1860ల ప్రాంతంలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర ఎండలు తట్టుకోలేక ఈ కొండమీద వేసవి ఇల్లు కట్టుకున్నాడు. అప్పటికి మదనపల్లె ప్రాంతం కడప జిల్లాలోనే ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది, 2022 పునర్విభజనలో మళ్ళీ విడిపోయింది. ఏనుగు మల్లమ్మ కొండ అన్న పాత పేరు ఇప్పుడు ఆమె గుడి దగ్గర, ముసలివాళ్ళ నోట తప్ప పెద్దగా వినబడదు. ఏనుగులు పెంచిన మల్లమ్మ అనే ఆడబిడ్డ ఈ కొండమీది చెంచులను ఆదుకునేదని స్థానికులు చెప్పుకునే కథ. ఆ చెంచుల కుటుంబాలు కొన్ని ఇంకా ఇక్కడే ఉన్నాయి. ఒక అధికారి ఎండాకాలపు విడిది కోసం కొండ పేరే మారిపోయింది. వచ్చినవాళ్ళకున్న పలుకుబడి ఎంతటిదో చెప్పడానికి ఇంతకన్నా పాత సాక్ష్యం మన ప్రాంతంలో నాకు తెలియదు.

సుమారు 4,100 అడుగుల ఎత్తున్న ఈ కొండమీద పర్యాటకశాఖ వారి హరిత రిసార్టు, అటవీశాఖ అతిథిగృహాలు, మరికొన్ని ప్రభుత్వ శాఖల బంగళాలు ఉన్నాయి. మేము పర్యాటకశాఖ గదిలో దిగాము. గది విశాలంగా ఉంది, కిటికీ తెరిస్తే లోయంతా కనిపిస్తుంది. కానీ స్నానాల గదిలో తేమ వాసన, ఆలస్యంగా వచ్చిన వేడినీళ్ళు, అడిగితే తప్ప మార్చని పక్కగుడ్డలు చూస్తే తీసుకున్న అద్దెకు తగ్గ సేవ అనలేము. భోజనశాలలో వంట ఫర్వాలేదు గానీ, రాయలసీమ కొండమీద రాగిసంగటి అడిగితే లేదన్నారు, నూడుల్స్ మాత్రం ఉన్నాయి. గాలిబండ మీద సాయంత్రం నిలబడితే ఈ లోపాలన్నీ మరిచిపోతాము. శని, ఆదివారాల్లో అక్కడ నిలబడే చోటు కూడా దొరకదు. కర్ణాటక నంబర్ల బళ్ళు ఘాట్ రోడ్డు మలుపుల దాకా ఆగి ఉంటాయి. వీలుంటే వారం మధ్యలో వెళ్ళండి.

కొండమీద నేలలో ఎక్కువభాగం అటవీశాఖ అధీనంలో ఉన్నందున అక్కడ కట్టడాలు అదుపులోనే ఉన్నాయి. పెరిగే జనం, వచ్చే డబ్బు పైన చోటు దొరకక కిందికి దిగాయి. మదనపల్లె నుంచి అంగళ్లు మీదుగా కొండవైపు వచ్చే దారిలో ఇరువైపులా ఇది తెలిసిపోతుంది. కాలేజీల వల్ల అంగళ్లు చిన్నపాటి పట్నంలా తయారైంది. దాన్ని దాటాక, చెనిక్కాయలు, టమోటా పండిన మెట్టచేలలో ఫాం ప్లాట్ల బోర్డులు, రాళ్ళు పాతిన హద్దులు, ఇనుప గేట్లు కనబడతాయి. బెంగళూరు నుంచి మూడు నాలుగు గంటల్లో చేరగలిగే చల్లని చోటు కావడంతో వారాంతపు ఇంటి కోసం కొనేవాళ్ళు ఎక్కువ. తిరుపతి నుంచీ, చిత్తూరు నుంచీ కొన్నవాళ్ళు కూడా తక్కువేమీ లేరు. నింద అంతా పొరుగు రాష్ట్రం మీద నెట్టేయడం న్యాయం కాదు.

భూమి విషయంలో ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాడేరు, అరకు ప్రాంతాల్లో గిరిజనేతరులు భూమి కొనకుండా 1970 నాటి 1/70 నిబంధన అడ్డుపడుతుంది. అది రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద గుర్తించిన గిరిజన (షెడ్యూల్డు) ప్రాంతాలకే వర్తిస్తుంది. పాత చిత్తూరు జిల్లాలో అలాంటి ప్రాంతం లేదు. ఇక్కడి పేదలకు ఉన్న రక్షణ డీకేటీ పట్టా భూములను, అంటే ప్రభుత్వం పేదలకు కేటాయించిన భూములను, అమ్మరాదన్న 1977 చట్టమే. 2023లో ఆ చట్టాన్ని సవరించి, కేటాయించి 20 ఏళ్ళు నిండిన భూములపై అసలు పట్టాదారులకు, వారి వారసులకు పూర్తి హక్కు కల్పించారు. మరుసటి ఏడు ప్రభుత్వం మారాక, అక్రమాలు జరిగాయన్న ఆరోపణలతో ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో మంటలు రేగి దస్త్రాలు కాలిపోయినప్పుడు, రాష్ట్రమంతా మాట్లాడుకున్నది ఈ భూముల గురించే. అమ్ముకునే హక్కు పేదవాడికి ఎందుకు ఉండకూడదన్న వాదనలో బలం ఉంది. ఆసుపత్రి ఖర్చు మీదపడినవాడికి భూమి తప్ప ఇంకేముంది? కానీ పక్కచేను ఫాంహౌస్ అయిన తర్వాత అమ్మనివాడి పరిస్థితి ఏమిటన్నది చట్టం చూసే విషయం కాదు.

దారి పక్కన జామకాయలు అమ్ముతున్న ఒక అవ్వ దగ్గర ఆగినప్పుడు మా ఆవిడ ఆమెను మాటల్లోకి దించింది. "ముందు ఈ చేలు ఎవురూ అడిగేవాళ్ళు లేరు నాయినా. ఇప్పుడు మా చేను చుట్టూరా కమ్మి వేసేసినారు. బండి పోయే దావ లేదు. మేకల్ని ఎట్ల తోలేది?" అంది. అమ్మకం విషయం అడిగితే, "మా అబ్బోడు అమ్మేద్దామంటాడు, నేను పోయినాక అమ్ముకోమన్నా" అని నవ్వింది. ఆ కొడుకు పక్కనున్న ఒక ఫాంహౌస్‌కు కాపలా ఉంటున్నాడట. నెల నెలా జీతం వస్తుంది, వానను నమ్ముకోనక్కరలేదు. అతని లెక్క అతనికి ఉంది.

అంతకన్నా పెద్ద సమస్య నీళ్ళు. ఈ పడమటి మండలాల్లో బోర్లు వెయ్యి అడుగులు దాటడం కొత్త విషయం కాదు. తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయరాదని నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు చేసిన 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది. తోట చుట్టూ ప్రహరీ లేచాక లోపల ఎన్ని బోర్లున్నాయో, ఎంత లోతున్నాయో బయటివాళ్ళకు తెలిసే మార్గం తక్కువ. వారానికి రెండురోజులు మనుషులుండే ఇంటికి ఈతకొలను, పచ్చిక మైదానం. ఎదుటి పల్లెకు ట్యాంకరు. ఈ దృశ్యం ఒకచోట మాత్రమే చూసి ఉంటే రాసేవాణ్ణి కాదు.

వచ్చినవాళ్ళందరినీ ఒకే గాటన కట్టలేము. మదనపల్లె పొడిగాలి బాగుందని 1915లో ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం పెట్టినవాళ్ళూ బయటివాళ్ళే. అది ఈ ప్రాంతపు రోగులకూ వైద్యం అందించింది. మదనపల్లెలోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి చొరవతో వెలసిన రిషివ్యాలీ పాఠశాలలో చదివేది ఎక్కువగా స్థితిమంతుల పిల్లలే, ఫీజులు మామూలు రైతు ఊహకు అందేవి కావు. అయినా ఆ సంస్థ చుట్టూ ఉన్న బోడిగుట్టల మీద చెట్లు పెంచింది, పల్లెపిల్లలకు విడిగా బడులు నడిపింది, ఆ బడుల్లో రూపొందిన బోధనా పద్ధతి ఇతర రాష్ట్రాలకూ పాకింది. నా దృష్టిలో తేడా వచ్చినవాడి సంపదలో లేదు. అతడు ఏడాది పొడవునా అక్కడే ఉండి, ఊరి నీళ్ళ కష్టాన్ని తన కష్టంగా అనుభవిస్తున్నాడా లేదా అన్నదాంట్లో ఉంది.

హార్స్‌లీ నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా సాగే దారి బాగుంది. పలమనేరు దాటాక కౌండిన్య అభయారణ్యం పక్కగా ప్రయాణం. ఏనుగులు తిరిగే ప్రాంతం కాబట్టి చీకటి పడకముందే కనుమ దిగడం మంచిది. గుడియాత్తం, ఆంబూరు, వాణియంబాడి దాకా తెలుగు మాట్లాడేవాళ్ళు దొరుకుతూనే ఉంటారు, దారి అడగడానికి ఇబ్బంది లేదు.

ఏలగిరికి 14 మలుపుల ఘాట్ రోడ్డు. మలుపులకు తమిళ కవుల పేర్లు పెట్టారు. పైన 14 పల్లెలు, అక్కడ తరతరాలుగా ఉంటున్నది మలయాళి అనే గిరిజన తెగ (కేరళవాళ్ళతో వీరికి సంబంధం లేదు). సామలు, పనస వారి పంటలు. తమిళనాడులో ఎక్కడా అయిదో షెడ్యూలు ప్రాంతాలు లేవు. పైగా హార్స్‌లీలో మాదిరిగా పైభాగమంతా అడవి కాకుండా, ఇక్కడ పల్లెల చుట్టూ పట్టా భూములున్నాయి. రోడ్డు పడటంతో చెన్నై, బెంగళూరు డబ్బు నేరుగా పైకే ఎక్కింది. అత్తనావూరు చుట్టుపక్కల రిసార్టులు, తాళం వేసిన విల్లాలు, మతసంస్థల శిబిరాలు వరసగా కనిపిస్తాయి. మేము దిగిన రిసార్టులో గది హార్స్‌లీ గదికన్నా ఎంతో శుభ్రంగా ఉంది, సిబ్బంది మర్యాదస్తులు, ఉదయపు ఇడ్లీ అద్భుతం. అద్దె కూడా ఆ స్థాయిలోనే ఉంది. సిబ్బందిని పలకరిస్తే వంటవాడు బయటి జిల్లా, మేనేజరు నగరం, గది ఊడ్చే ఇద్దరు ఆడవాళ్ళు మాత్రం కొండమీదివాళ్ళు. ఆ స్థలం ఒకప్పుడు ఎవరిదని అడిగితే వారిలో ఒకామె తన మేనమామ పేరు చెప్పింది. ఆయన అమ్మిన ధరకూ ఇప్పటి ధరకూ పొంతన లేదని, ఇప్పుడు తమ పిల్లలు పెళ్ళిచేసుకుని వేరు కాపురం పెట్టడానికి ఇంటిజాగా కొనాలన్నా తమవల్ల కాదని చెప్పింది.

ఇదంతా వింటూ ఉంటే మన తిరుమల గుర్తుకు రాక తప్పదు, ఎందుకంటే అక్కడ జరిగింది దీనికి నేరుగా ఎదురు. 1933లో హాథీరాంజీ మఠం మహంతుల పాలన ముగిసి దేవస్థానం పాలన మొదలైంది. 1944లో తొలి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది వచ్చాయి. రోడ్డు పడ్డాక యాత్రికులు పెరిగారు, మాడవీధుల్లో తరాలుగా కాపురమున్న కుటుంబాలను విస్తరణ కోసం విడతలవారీగా ఖాళీచేయించి కొందరిని కొండమీదే ఉన్న బాలాజీనగర్‌కు, కొందరిని కింద తిరుపతికి పంపించారు. 2011 లెక్కల్లో తిరుమల జనాభా ఎనిమిది వేలకు లోపే. రోజూ వచ్చిపోయే జనం దానికి ఎన్నో రెట్లు. అక్కడా సంపన్నులు అతిథిగృహాలు కట్టించారు, కానీ నేల దేవస్థానానిదే, కట్టించినవాడికి దక్కేది ఏడాదిలో కొన్ని రోజుల బస మాత్రమే. అందుకే ఈనాటికీ సామాన్యుడికి వంద రూపాయల లోపు గది, తరిగొండ వెంగమాంబ సత్రంలో ఉచిత భోజనం దొరుకుతున్నాయి; గోగర్భం, పాపవినాశనం, కుమారధార జలాశయాల నీళ్ళు అందరి గదులకూ ఒకే గొట్టంలో వస్తాయి. యాత్రికుడికి ఇంతకన్నా మేలైన ఏర్పాటు మరో కొండమీద నేను చూడలేదు. ఆ మేలుకు మూల్యం చెల్లించినవాళ్ళు బాలాజీనగర్‌లో ఉన్నారు. దుకాణం లైసెన్సు నుంచి ఇంటి మరమ్మతు దాకా ప్రతిదానికీ వారు అనుమతి అడగాలి.

ఏలగిరి వెళ్ళేవారికి చివరగా ఒక సలహా. పుంగనూరు చెరువు (మన పుంగనూరు పేరే) దగ్గర పడవల రద్దీ, హోటళ్ళ హడావుడి ఎక్కువ. నిలవూరు వైపు వెళ్తే స్థానికులే తమ ఇంటి పక్కన రెండు మూడు గదులు కట్టి అద్దెకిస్తున్నవి కొన్ని కనిపించాయి. పరుపు పలుచన, టీవీ ఉండదు, భోజనం ముందే చెప్పాలి. మేము ఒక పూట అక్కడ తిన్నాము. సామబియ్యం అన్నం, పప్పుపులుసు, పెరట్లోనే కోసిన పనసతొనలు పెట్టారు. గది అడిగేటప్పుడు నీళ్ళు సొంత బావివా, ట్యాంకరువా అని కూడా అడగండి, మే నెలలో అయితే తప్పనిసరిగా. ఇంటాయన వద్ద ఆన్‌లైన్ బుకింగ్ లేదు, ఫోను చేస్తే ఆయన కూతురు తమిళం కలిసిన తెలుగులో మాట్లాడి గది పట్టి ఉంచుతుంది, బయానా కూడా అడగదు.