రెడీమేడ్ ఎక్సెల్ షీట్లు కొనేటోళ్లు జర ఆగుండ్రి

షీట్ అమ్మినాయన ఇప్పుడే నన్ను వాట్సాప్‌ల బ్లాక్ చేసిండు, గా కోపంలనే రాస్తున్న. వాట్సాప్ గ్రూపులల్ల "దుకాణం మొత్తం ఒక్క షీట్ల" అని యాడ్ తిరుగుతుంటది కదా, అది పెట్టేటాయనే, మీకు తెలిసే ఉంటది. బేగంబజార్ల మాది స్టీల్ సామాన్ల హోల్‌సేల్, ఉద్దెర లెక్కల కోసం మూడు వేలు పోసి కొన్న. అమీర్‌పేటకు పోతే గల్లీకో కంప్యూటర్ సెంటర్ ఉంటది, నాకేం పుట్టిందో.

చూడనీకి మస్తుంది, రంగులు, బటన్లు. ఒక పార్టీ బాకీ చూద్దామని పేరు మీద ఫిల్టర్ (ఆ పేరు వరుసలే చూపిచ్చి మిగిలినయి దాసేది) పెడితే పైన ఆయన బిల్లులే వస్తున్నయ్, కిందికి పోతే అందరివీ! కొత్త పార్టీల పేర్లయితే ఫిల్టర్ లిస్టులనే లేవు. పక్కన వరుస నంబర్లు ఫిల్టర్ పడ్డకాడి దాక నీలం రంగు, తర్వాత నల్లగ. సంగతేందంటే ఈ మహానుభావుడు అందం కోసం నెలకో ఖాళీ వరుస ఇడిసిండు, ఫిల్టర్ మొదటి ఖాళీ కాడనే ఆగింది. పైన టోటల్ ఉట్టి సమ్ ఫార్ములా, ఎవరి పేరు పెట్టినా దుకాణం మొత్తం బాకీ చూపిస్తది. ఫిల్టర్‌ల మిగిలినయే కూడనీకి సబ్‌టోటల్ ఉంటది కదా సామీ!

ఫోన్ చేస్తే ఏమన్నడో తెల్సా? "షీట్ పర్ఫెక్ట్ అన్నా, మీకే ఫిల్టర్ వాడుడు రాదు, మా దగ్గర బేసిక్ కోర్సు ఉంది చేరుండ్రి, డిస్కౌంట్ ఇస్త." వాని తప్పుకు నేను ఫీజు కట్టి నేర్చుకోవాలెనంట! పోనీ నేనే సరిజేసుకుంట అంటే షీటుకు పాస్‌వర్డ్ పెట్టి లాక్ చేసిండు, పైన మెనూల ఫిల్టర్ బటన్ నొక్కనీకి రాకుండ బూడిద రంగుల పండుకుంది. పాస్‌వర్డ్ అడిగితే "అది మా సీక్రెట్ అన్నా" అని నవ్విండు. బాకీలు నావి, డేటా నాది, సీక్రెట్ వానిది! స్క్రీన్‌షాట్ పంపిన, నీలం టిక్కులు పడ్డయ్, అంతే, డీపీ మాయం.

కొనేముందు షీట్ లాక్ తీసి ఇస్తడా అడుగుండ్రి, వాని ముందటనే ఒక పేరు ఫిల్టర్ చేసి ఆఖరి దాక జరిపి చూడుండ్రి. ఇప్పటికే కొన్నోళ్లు, లాక్ లేకుంటే, హెడింగ్ నుంచి చివరి వరుస దాక చేత్తోనే సెలెక్ట్ చేసి కంట్రోల్, షిఫ్ట్, ఎల్ మూడు కీలు కలిపి రెండుసార్లు కొట్టుండ్రి, పాత ఫిల్టర్ పోయి మొత్తానికి కొత్తది పడ్తది. నేనైతే డేటా కాపీ చేసి వేరే షీట్ల పెట్టుకుంటున్న, ముందు ఫిల్టర్ క్లియర్ చేయాలె, లేకుంటే కనిపించేటియే వస్తయ్. ఆయన దగ్గర కొన్నోళ్లల్ల ఎవరికన్న పాస్‌వర్డ్ ఇచ్చిండా? ఇస్తే చెప్పుండ్రి.