‘వీకెండ్’, ‘గాడ్స్ ఓన్ కంట్రీ’: ఏది మేలు?

ఆండ్రూ హేగ్ తీసిన ‘వీకెండ్’ (2011), ఫ్రాన్సిస్ లీ తీసిన ‘గాడ్స్ ఓన్ కంట్రీ’ (2017). రెండూ ఇంగ్లాండు సినిమాలే. రెండింటిలోనూ కొద్దిరోజుల పరిచయంలో ఇద్దరు మగవాళ్లు దగ్గరవుతారు, అందులో ఒకడు తనేంటో తెలుసుకుంటాడు. ఒకదాంట్లో ఆ పని మాటలు చేస్తాయి, రెండోదాంట్లో చేతులు.

‘వీకెండ్’ నాటింగ్‌హామ్‌లో జరుగుతుంది. రస్సెల్ స్విమ్మింగ్ పూల్ దగ్గర లైఫ్‌గార్డ్. తను గే అని స్నేహితులకు తెలుసు, కానీ నలుగురిలో ఆ సంగతి బయటపడాలంటే టెన్షన్. శుక్రవారం రాత్రి పరిచయమైన గ్లెన్, తెల్లారేసరికి టేప్ రికార్డర్ తీసి రాత్రి ఏం జరిగిందో చెప్పమంటాడు. అదతని ఆర్ట్ ప్రాజెక్టట! ఇక అక్కణ్నుంచి మాటలే మాటలు. పెళ్లి గురించి గొడవ కూడా పడతారు. ఇంగ్లాండులో స్వలింగ వివాహ చట్టం వచ్చింది 2013లో కాబట్టి, సినిమా వచ్చేనాటికి అది ఇంకా నడుస్తున్న వాదనే. అన్నిటికన్నా నాకు నచ్చింది ఒక ఉత్తుత్తి ఆట. తల్లిదండ్రుల దగ్గర పెరగని రస్సెల్‌కు తను గేనని చెప్పుకోడానికి తండ్రి లేడు. గ్లెన్ కాసేపు తండ్రిలా నటిస్తాడు, రస్సెల్ అతనికి చెప్పుకుంటాడు.

‘గాడ్స్ ఓన్ కంట్రీ’లో జానీ సమస్య వేరు. తనకు మగవాళ్లంటేనే ఇష్టమని వాడికి ముందే తెలుసు. ఎవరైనా ప్రేమగా ముట్టుకుంటేనే తట్టుకోలేడు. యార్క్‌షైర్ కొండల్లో గొర్రెల ఫారం, పక్షవాతంతో కుంగిన తండ్రి, పెద్దగా మాట్లాడని నాన్నమ్మ, రాత్రయితే తాగుడు. గొర్రెలు ఈనే రోజుల్లో రొమేనియా నుంచి గియోర్గె పనిలోకి వస్తాడు. జానీ మొదట అతన్ని ‘జిప్సీ’ అని ఎగతాళి చేస్తాడు. ఒకచోట గియోర్గె చచ్చిన గొర్రెపిల్ల తోలు ఒలిచి, తల్లి లేని ఇంకో పిల్లకు తొడుగుతాడు. ఆ వాసనకు, పిల్లను పోగొట్టుకున్న గొర్రె దాన్ని తన పిల్లే అనుకుని పాలు ఇస్తుంది. కాపరులు నిజంగా చేసేదే ఇది. జానీగా వేసిన జోష్ ఓకానర్, గియోర్గెగా వేసిన అలెక్ సెకారియాను షూటింగ్‌కు ముందు ఫారాల్లో పనిచేసి వచ్చారు, అందుకే ఆ చేతుల్లో నటన కనపడదు. ఇంత కఠినమైన పనిని అంత నెమ్మదిగా చేసే మనిషిని చూస్తూ జానీ మెత్తబడతాడు. ప్రేమ గురించి ఇద్దరూ మాట్లాడుకునేది చాలా తక్కువ.

నా ఓటు ఈ రెండోదానికే. ముగింపు కాస్త సుఖంగా ఉంటుంది, ఆ విషయంలో ‘వీకెండ్’ రైల్వే స్టేషన్ సీనే నిజాయితీగా అనిపిస్తుంది. కానీ రస్సెల్‌లో వచ్చిన మార్పు గ్లెన్ చుట్టూనే తిరుగుతుంది. జానీలో వచ్చిన మార్పు ఇల్లంతా పాకుతుంది: కదల్లేని తండ్రికి స్నానం చేయించేటప్పుడు అతని చేతుల్లో కొత్త ఓపిక కనిపిస్తుంది.

కబుర్ల మీద నడిచే సినిమాలు ఇష్టమైతే మాత్రం ‘వీకెండ్’తో మొదలుపెట్టండి. ఇటలీలో అది 2016లో విడుదలైనప్పుడు కాథలిక్ బిషప్పుల సినిమా విభాగం వద్దంది, చర్చిల చేతిలో ఉన్న హాళ్లలో దానికి చోటే దొరకలేదు. రెండింటిలోనూ దాపరికం లేని సీన్లు ఉన్నాయి, ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు పెట్టుకోవద్దు. యార్క్‌షైర్ యాసకు సబ్‌టైటిల్స్ తప్పనిసరి.