పొరల బిస్కెట్లకు ఏది మేలు: ఎయిర్ ఫ్రయరా, ఓటీజీనా, కుక్కరా?

బేకరీలో దొరికే ఖారీ వంటి పొరల బిస్కెట్లను ఇంట్లోనే చేసుకోవాలనుకునేవారు శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. వారిలో కొందరికి ఎయిర్ ఫ్రయర్ ఉంది, కొందరికి ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన కరెంటు పొయ్యి) ఉంది, రెండూ లేనివారు ఉప్పు పోసిన కుక్కర్‌ను నమ్ముకుంటారు. నలుగురున్న ఇంట్లో, ఒక విడతకు ఆరేడు బిస్కెట్లు చాలనుకుంటే ఎయిర్ ఫ్రయరే మేలని నా అభిప్రాయం. అది మిగిలినవాటికన్నా అందంగా కాలుస్తుందని ఈ మాట అనడం లేదు. మన ఎండకూ తేమకూ తగినట్టు పని జరుపుకోనిస్తుంది.

పొరలు విడేదీ లేనిదీ చాలావరకు పిండి దశలోనే తేలిపోతుంది. మైదా పొరల మధ్య వెన్న గట్టిగా, విడిగా నిలిచి ఉండాలి. వేడి తగలగానే ఆ వెన్న కరిగి, అందులోని నీరు ఆవిరై పొరలను పైకి లేపుతుంది. నెయ్యిలో నీరు దాదాపు ఉండదు కనుక నేతితో గుల్లదనం వస్తుంది గానీ బిస్కెట్టు అంతగా పొంగదు. ఇంట్లో చిలికిన వెన్నలో మజ్జిగ మిగిలిపోతే పిండి జిగటవుతుంది కాబట్టి, ఆ వెన్నను చల్లటి నీళ్లలో కడిగి, నీరు పిండేసి, ఫ్రిజ్‌లో గట్టిపడనివ్వాలి. పావు కిలో మైదాకు నూటయాభై గ్రాముల వెన్న సరిపోతుంది. వెన్న పరిచిన పిండిని మూడు మడతల చొప్పున మూడుసార్లు మడిచి ఒత్తితే 27 వెన్న పొరలు ఏర్పడతాయి. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్యనే కరిగిపోతుంది, వేసవి మధ్యాహ్నం మన వంటింటి వేడి అంతకు తగ్గదు. అందుచేత ఏప్రిల్, మే నెలల్లో ఈ పని తెల్లవారుజామున పెట్టుకుని, ప్రతి మడతకూ మధ్య పిండిని అరగంట ఫ్రిజ్‌లో ఉంచక తప్పదు.

ఎయిర్ ఫ్రయర్ మేలు తెలిసేది ఇక్కడే. కోసిన ముక్కలను డీప్ ఫ్రీజర్‌లో గట్టిపరచి దాచుకుని, కావలసినన్ని తీసి అప్పటికప్పుడు కాల్చుకోవచ్చు. మూడు నాలుగు నిమిషాల్లోనే అది వేడెక్కుతుంది కనుక వెన్న మెత్తబడేలోగా ముక్కలు లోపలికి చేరతాయి. అయితే దీనికి కొన్ని లోపాలున్నాయి. వేడి పైనుంచి వస్తుంది, ఫ్యాను గాలి బలంగా తిరుగుతుంది. దానితో పైభాగం తొందరగా ఎర్రబడి అడుగు తెల్లగానే ఉండిపోతుంది. ఓటీజీలో 200 డిగ్రీలు పెట్టేచోట ఇక్కడ 180 చాలు, సగం సమయం గడిచాక ముక్కలను తిరగవేయాలి. పలుచగా ఒత్తితే పై పొరలు గాలికి లేచి ఒరిగిపోతాయి కాబట్టి ముక్క కనీసం ఒక సెంటీమీటరు మందం ఉండాలి. బటర్ పేపర్‌ను ముక్కలు పెట్టకుండా ఒట్టిగా వేస్తే అది ఎగిరి వేడి తీగకు తగులుతుంది. పైన పలాస జీడిపప్పు పలుకులు చల్లుకోవాలనిపిస్తే పాలు పూసి, వేలితో అదిమి అతికించాలి; లేకుంటే పలుకులన్నీ బుట్ట అడుగున తేలతాయి.

బిస్కెట్టు రూపమే ముఖ్యమనుకునేవారికి ఓటీజీని మించినది లేదు. పైనా కిందా వేడి ఉండడం వల్ల ముక్క నిటారుగా పొంగుతుంది, అడుగు కూడా సమంగా కాలుతుంది, ఒక ట్రేలో పన్నెండు వరకు పడతాయి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఇంటినిండా చుట్టాలు దిగినప్పుడు ఎయిర్ ఫ్రయర్‌తో విడతలు విడతలుగా కాలుస్తూ కూర్చోవడం విసుగే. కరెంటు లెక్క కూడా విడతలను బట్టే మారుతుంది. రెండూ 1500 వాట్లవే అనుకుంటే, ఇరవై నిమిషాల ఎయిర్ ఫ్రయర్‌కు గరిష్ఠంగా అర యూనిట్టు, వేడెక్కే సమయంతో కలిపి నలభై నిమిషాల ఓటీజీకి ఒక యూనిట్టు అవుతుంది. రెండో విడతతోనే ఆ పొదుపు కాస్తా పోతుంది.

కుక్కర్ విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. మూత రబ్బరు, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి పది నిమిషాలు వేడి చేశాక గిన్నె పెడతారు. వేడి కిందినుంచే వస్తుంది కనుక అడుగు మాడుతున్నా పైభాగం పాలిపోయి ఉంటుంది, మూత కింద నిలిచే ఆవిరి పొరలను మెత్తబరుస్తుంది. కేకుకు అది పనికొస్తుంది, ఖారీకి పనికిరాదు.

కోస్తా గాలిలోని తేమకు ఏ పద్ధతిలో కాల్చిన బిస్కెట్టయినా మర్నాటికి కొంత మెత్తబడుతుంది, వానాకాలంలో మరీను. అప్పుడు ఎయిర్ ఫ్రయర్‌లో 150 డిగ్రీల దగ్గర రెండు మూడు నిమిషాలు ఉంచితే మళ్లీ కరకరలాడతాయి. నాలుగు బిస్కెట్ల కోసం ఓటీజీని వేడి చేయడం ఎవరికీ మనసొప్పని పని. కాల్చినవాటిని జాలీ మీద పూర్తిగా ఆరనిచ్చి బిగుతు మూత డబ్బాలో పెడితే ఆ అవసరమూ తగ్గుతుంది.