నలుగురి చర్చా, ఒక్కరితో ముఖాముఖా, పరిశోధన కథనమా: ఏది మేలు?

టీవీ వార్తల్లో సమతూకాన్ని చాలామంది గడియారంతో కొలుస్తారు. ఇటు ఇద్దరినీ అటు ఇద్దరినీ కూర్చోబెట్టి, అందరికీ సమానంగా సమయం పంచితే న్యాయం జరిగినట్టేనని భావిస్తారు. కానీ చర్చను, సుదీర్ఘ ముఖాముఖిని, పరిశోధించి కూర్చిన కథనాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ కొలత ఎంత పైపైదో తెలుస్తుంది.

ప్యానెల్ చర్చకు ఖర్చు తక్కువ. 1980 జూన్ 1న అమెరికాలో సీఎన్ఎన్ వార్తా ఛానల్ మొదలైనప్పటి నుంచి ఇరవై నాలుగు గంటలూ ప్రసారం నింపవలసిన ఛానళ్లకు, విలేఖరులను దూరం పంపే పని లేని ఈ పద్ధతి సహజంగానే నచ్చింది. ఒక నిర్ణయం వెలువడిన రోజున, దానివల్ల లాభపడేవారినీ నష్టపోయేవారినీ ఒకేచోట వినడం ఉపయోగకరమే. అయితే నిజానిజాలు తేలిపోయిన విషయంలోనూ ఇరుపక్షాలను సమానంగా నిలబెడితే, లేని సందేహం పుట్టుకొస్తుంది. బ్రిటన్ ప్రసార సంస్థ బీబీసీని అప్పట్లో పర్యవేక్షించిన బీబీసీ ట్రస్టు కోసం జన్యుశాస్త్రవేత్త స్టీవ్ జోన్స్ 2011లో చేసిన సమీక్ష, విజ్ఞాన వార్తల్లో అంచుల్లోని అభిప్రాయాలకు మితిమీరిన ప్రాధాన్యం దక్కుతోందని సరిగ్గా ఈ లోపాన్నే ఎత్తిచూపింది.

ముఖాముఖిలో తప్పించుకోవడం కష్టం, అయితే ప్రశ్నించేవారు చదివి వచ్చి ఉండాలి. 1977లో బ్రిటిష్ టీవీ వ్యాఖ్యాత డేవిడ్ ఫ్రాస్ట్ అమెరికా మాజీ అధ్యక్షుడు నిక్సన్‌తో ఇరవై గంటలకు పైగా సంభాషణ రికార్డు చేశారు. నిక్సన్ పదవి పోవడానికి కారణమైన వాటర్‌గేట్ కుంభకోణం ప్రస్తావన వచ్చినప్పుడు ఫ్రాస్ట్‌కు అక్కరకు వచ్చింది గొంతు పెంచడం కాదు, పరిశోధక బృందం తవ్వి తీసిన పత్రాలు. (నిక్సన్‌కు డబ్బు చెల్లించి మాట్లాడించడం మాత్రం అప్పుడూ విమర్శలకు గురైంది, ఇప్పుడూ నాకు మింగుడు పడదు.)

పరిశోధన కథనానికి అమెరికా టీవీ పాత్రికేయుడు ఎడ్వర్డ్ ఆర్. మర్రో చేసినదే నా దృష్టిలో గట్టి ఉదాహరణ. 1954 మార్చి 9న ప్రసారమైన తన కార్యక్రమంలో ఆయన, ఎందరిపైనో కమ్యూనిస్టులన్న ముద్ర వేసిన సెనేటర్ మెకార్థీని ప్రధానంగా ఆ సెనేటర్ మాటలతోనే, ఆయన దృశ్యాలతోనే నిలదీశారు. ఆ అరగంటలో ఎదుటి పక్షానికి సగం సమయం పంచలేదు, తన తీర్పును దాచుకోనూ లేదు. కానీ జవాబు చెప్పుకునే అవకాశం ఇచ్చారు, ఏప్రిల్ 6న మెకార్థీ సమాధానం అదే కార్యక్రమంలో ప్రసారమైంది. గడియారం ప్రకారం ఆ మొదటి అరగంట ఏకపక్షం. అయినా ఆధారాలను ప్రేక్షకుల ముందు పరిచి, ఆరోపణకు గురైన మనిషికి చోటు ఇచ్చిన ఆ పద్ధతిలో ఉన్న న్యాయం, నలుగురు ఒకేసారి అరిచే గంటలో దొరకదు.

వీటిని మేళవించడమూ సాధ్యమే. 1975లో అమెరికాలో మొదలైన పాత్రికేయుడు రాబర్ట్ మెక్‌నీల్ టీవీ కార్యక్రమం రోజుకు ఒకే అంశాన్ని అరగంట పాటు తీసుకునేది. ఆయనా, సహ వ్యాఖ్యాత జిమ్ లెహ్రర్ కలిసి 1983లో దానిని గంట నిడివి గల వార్తా కార్యక్రమంగా పెంచినప్పుడు కూడా అతిథి మాట పూర్తయ్యేదాకా ఆగే అలవాటును వదులుకోలేదు. చర్చ చెడ్డది కావడానికి అతిథుల సంఖ్య కాక యాంకర్ తొందర కారణమని దీన్నిబట్టి అర్థమవుతుంది.

కాబట్టి నా వరుసలో పరిశోధన కథనం మొదటిది, ముఖాముఖి రెండవది. చర్చను మూడవ స్థానంలోనే ఉంచుతాను. ఎన్నికల ఫలితాల రాత్రి మాత్రం, అంకెలు ఇంకా మారుతూ ఉన్నంతసేపు, దానికే చెవి ఒగ్గుతాను.